జబ్బుల పుస్తకం

నిన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఒక చప్పుడు విని ఆగిపోయాను. జుయ్‌మని మొదలై, ఆగాల్సిన చోట ఆగకుండా, సన్నగా మూలుగుతూ సాగే చప్పుడు. బస్సుల హారన్లు, ఆటోవాళ్ల కేకలు, కోచింగ్ సెంటర్ల కాగితాలు పంచేవాళ్ల అరుపులు. వాటన్నిటి మధ్య నాకు అదొక్కటే వినిపించింది.

గోడకు ఆనుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. మెడలో కోచింగ్ సెంటర్ కార్డు, చేతిలో పాత కెమెరా. బొత్తాం మళ్లీ మళ్లీ నొక్కుతోంది.

"నొక్కకు బిడ్డా," అన్నాను. "ఫిల్మ్ అయిపోయింది. అది ఊకోదు, లాగుతనే ఉంటది. ముందుగాల బ్యాటరీలు తీసెయ్."

ఆ అమ్మాయి నన్నూ, నా చేతిలోని కూరగాయల సంచినీ చూసింది. "ఇది ఓల్డ్ కెమెరా ఆంటీ. ఫిల్మ్‌ది. మీకు..."

"నంబరెంత చూపిస్తుంది?"

"థర్టీ సిక్స్."

"మరి ఇంకేమున్నది అండ్ల? తియ్యి బ్యాటరీలు."

తీసింది. అడుగున ఉన్న చిన్న మీట నొక్కించి, పైనున్న పిడిని మెల్లగా తిప్పమన్నాను. "మొదట గట్టిగ పట్టినట్టు ఉంటది. జరసేపటికి వదిలినట్టయితది. గప్పటిదాక మూత తెరవకు." ఆ అమ్మాయి నాలుక కొస బయటపెట్టి, శ్రద్ధగా తిప్పింది. తిప్పగా తిప్పగా ఒక్కసారి ముఖం విప్పారింది.

"వదిలింది ఆంటీ!"

"ఇగ నీ ఫోటోలు ఎటూ పోవు."

"దీన్ని ఎక్కడ బాగుచేస్తారు ఆంటీ? మీకు తెలిసినవాళ్లు ఉన్నారా?"

"ఉండె బిడ్డా. ఆ సారు పోయిండు."

ఇంటికొచ్చి కూరగాయల సంచి అక్కడే పెట్టి, పెట్టెలోంచి సారు పుస్తకం తీశాను. అది నా దగ్గరికి వచ్చి ఎనిమిది నెలలైంది. పేజీలన్నీ చదివాను, ఒక్కటి తప్ప. ఆ పేజీలో సారు నా గురించి రాశారని నాకు తెలుసు. ఏం రాశారో అప్పటికి తెలియదు. తెలుసుకోవాలంటే భయం. ఆ భయం ఎక్కడిదో చెప్పాలంటే ముందు సారు గురించి చెప్పాలి.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న ఒక పాత కాంప్లెక్సులో మొదటి అంతస్తు చివర ఉండేది సారు షాపు. షాపంటే ఒక బల్ల, ఒక దీపం, రెండు కుర్చీలు, గోడ నిండా అరలు. ఆయన బక్కగా, పొడుగ్గా ఉండేవారు. పొద్దున వేసుకున్న తెల్లచొక్కా సాయంత్రానికీ తెల్లగానే ఉండేది. ఒక కంటికి పెట్టుకునే చిన్న భూతద్దాన్ని నుదుటి మీదికి నెట్టి, తర్వాత దాని కోసం బల్లంతా వెతికేవారు. టీ తెప్పించుకుని మరిచిపోయి, గంట తర్వాత చల్లటి టీ ఒక్క గుక్కలో తాగి, "టీ బాగుందండీ," అనేవారు. కృష్ణా జిల్లా మనిషి. అందరినీ 'అండీ' అనేవారు. టీ తెచ్చే పిల్లాడినీ, కరెంటు బిల్లు ఇచ్చేవాడినీ, నన్నూ. నన్నెవరైనా 'మీరు' అనడం నేను వినడం అదే మొదలు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని మొదటి రోజు తిరిగి చూశాను.

సారు దగ్గరికి వచ్చేవన్నీ రేంజ్‌ఫైండర్ కెమెరాలు. చిన్న కిటికీలోంచి చూస్తే ఎదుటి మనిషి రెండుగా కనిపిస్తాడు. ఆ రెండూ ఒకటయ్యేదాకా లెన్స్ తిప్పి అప్పుడు ఫోటో తీయాలి. ఫోటో తీసిన ప్రతిసారీ ఫిల్మ్‌ను బొటనవేలితో ముందుకు జరపాలి. ఆ పని మనిషికి తప్పించడానికి కెమెరా అడుగున బిగించే మోటారు డబ్బా పేరు వైండర్. ఫిల్మ్ రోజులు పోయాయని అందరూ అనుకున్నా, ఇష్టం చావనివాళ్లు కొందరు ఉండేవారు. వైండర్ పట్టుకుని వచ్చినవాళ్లను మిగతా షాపులవాళ్లు గుమ్మంలోంచే పంపేసేవాళ్లు. సారు కూడా మొదట అదే మాట చెప్పేవారు.

"తీసి అవతల పెట్టండి. మీకు బొటనవేలు ఉందిగా?"

వాళ్లు కదలకుండా నిలబడితే చెయ్యి చాపేవారు. "సరే ఇవ్వండి. అల్లుడుగారికి ఏంటట బాధ?"

వైండర్‌ను సారు అల్లుడుగారనేవారు. కెమెరా ఆయన కూతురు. "ఒకే ఒక్క స్క్రూతో కట్టబెట్టామండీ అమ్మాయిని. అల్లుడుగారు బలవంతుడే. కానీ ఎదుటివాళ్ల మాట వినడు. వినే చెవి పెట్టలేదు ఆయనకి." అంటూ ఆ డబ్బాను తన చెవికి ఫోన్‌లా ఆనించుకుని, కళ్లు మూసుకుని, మోటారు తిప్పి వినేవారు. అప్పుడెవరైనా మాట్లాడబోతే ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి ఎత్తేవారు. ఎంత పెద్దమనిషైనా ఆ చేతికి నోరు మూసుకోవాల్సిందే. విన్నాక బ్యాటరీలు పెట్టే గూటిని వాసన చూసేవారు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకునేవారు.

మా నెత్తి మీద కోచింగ్ క్లాసు ఉండేది. గంటకోసారి క్లాసు వదిలితే వందమంది ఒకేసారి మెట్లు దిగేవారు. పైకప్పు, బల్ల, బల్ల మీది స్క్రూలు అన్నీ అదిరేవి. సారు పట్టకారుతో నువ్వుగింజంత స్క్రూ పట్టుకుని ఉన్నా సరే, చేతులు రెండూ గాలిలోకి లేపి, అందరూ దిగిపోయేదాకా అలాగే కూర్చునేవారు. విసుక్కోవడం నేను చూడలేదు. "ఉద్యోగాలు వెళ్తున్నాయండీ," అని చిన్నగా నవ్వేవారు.

అటువంటి స్క్రూనే నన్ను ఆ షాపులోకి తెచ్చింది. మా ఆయన పోయాక సిద్దిపేట దిక్కు మా ఊరి నుంచి ఎస్.ఆర్. నగర్‌లో చెల్లెలి దగ్గరికి వచ్చి, ఆ కాంప్లెక్సులో ఊడ్చే పనికి కుదిరాను. ఒకరోజు వరండా ఊడుస్తుంటే కాలికి ఏదో గుచ్చుకున్నట్టయింది. తీసి చూస్తే చిన్న స్క్రూ. తీసుకెళ్లి సారు బల్ల మీద పెట్టాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"మూడు రోజుల నుంచి వెతుకుతున్నానండీ! ఎలా కనబడింది మీకు?"

"కనబడలే సార్. కాలికి తెలిసింది."

ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. మధ్యాహ్నాలు షాపులో కూర్చోమని అడిగారు. మెట్రో పనులు జరుగుతున్న రోజులవి. రోడ్డు మీది దుమ్మంతా గుమ్మంలోంచే వచ్చేది. గుమ్మానికి తడిగుడ్డ కట్టడం, అరలు తుడవడం, వచ్చినవాటికి చీటీలు కట్టడం, బాగయినవి మనుషులకు అందించడం నా పని.

నేను చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టాను. బడికి పోవాల్సిన వయసులో మొదలుపెట్టి, నడుం పోయేదాకా చుట్టాను. సారు పెన్సిల్‌తో చీటీ మీద పేరు, జబ్బు రాసి ఇస్తే, మా ఊరి నుంచి తెచ్చుకున్న బీడీ దారంతో దాన్ని వైండర్‌కు కట్టేదాన్ని. బీడీ కట్టే దారాలు రకరకాల రంగుల్లో ఉంటాయి. సారు అది ఉత్త దారమనుకున్నారు. నాకు అదే పేరు. ఎర్రదారం శ్రీనగర్ కాలనీ ముసలాయన. నారింజ దారం పంజాగుట్ట డాక్టరు బాబు. పచ్చదారం బ్యాంకాయన. మనిషి గుమ్మంలోకి రాగానే దారం చూసి తీసి ఇచ్చేదాన్ని. ఒక్కసారి కూడా తప్పలేదు. "మీ జ్ఞాపకశక్తి అమోఘమండీ," అనేవారు సారు. ఎప్పుడైనా ఏదైనా చదవమంటే, "కళ్లద్దాలు తెచ్చుకోలే సార్," అనేదాన్ని. ఆయన నమ్మేవారు, లేదా నమ్మినట్టు ఉండేవారు. ఇప్పటికీ నాకు తెలియదు.

వైండర్లకు ఎన్ని జబ్బులో అక్కడే చూశాను. కొన్ని అసలు తిరిగేవి కావు. కొన్ని సగం తిరిగి నిలబడిపోయేవి. కొన్ని ఎవరూ నొక్కకుండానే సంచిలో వాటంతటవే తిరిగేవి. బ్యాటరీల నీరు కారి రాగి రేకులు పచ్చబడేవి. ప్లాస్టిక్ చక్రాలు పెళుసెక్కి పన్ను ఊడేది. అన్నిటికన్నా చెడ్డ జబ్బు ఆగకపోవడం. లోపల ఒక బిళ్ల ఉంటుంది. ఫిల్మ్ అయిపోయి బిగుసుకోగానే ఆ బిళ్ల జారాలి, మోటారు ఆగాలి. పాత గ్రీజు లక్కలా గట్టిపడితే బిళ్ల జారదు. మోటారు లాగుతూనే ఉంటుంది. ఫిల్మ్ అంచు బెజ్జాలు చిరుగుతాయి. లేదంటే ఫిల్మ్ చుట్టి ఉండే చిన్న డబ్బీలోంచి అది మొదలంటా ఊడి వస్తుంది. అప్పుడు దాన్ని వెనక్కి చుట్టడం కుదరదు. వెలుతురులో మూత తెరిస్తే ఫోటోలన్నీ పోతాయి.

"బొటనవేలితో తిప్పేవాడికి ఫిల్మ్ చెప్తుందండీ, ఇంక నా వల్ల కాదని. అల్లుడుగారికి చెప్పినా వినబడదు," అనేవారు సారు. అందుకే బాగుచేసిన ప్రతి వైండర్‌కూ పనికిరాని ఫిల్మ్ వేసి, ముప్పై ఆరు సార్లూ పైకి లెక్కపెడుతూ నొక్కేవారు. ముప్పై ఆరు దాటాక ఇంకోసారి నొక్కి, అది తనంతట తను ఆగితే, బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టేవారు. "తిరగడానికి మోటారు చాలు. ఆగడానికి బుద్ధి కావాలి."

ఆ తర్వాత పుస్తకం తీసేవారు. పొడుగ్గా, గట్టి అట్టతో ఉండేది. ప్రతి పేజీలో స్కేలు పెట్టి గీసిన నాలుగు గడులు. జబ్బు, కారణం, మందు, పరీక్ష. నాలుగో గడిలో రాసేది ముప్పై ఆరు దాటి ఆగాకే. ఆ నాలుగో గడే ఆయన పరువు.

ఒకరోజు పొద్దున సారు షాపు చూడమని నాకు చెప్పి షుగర్ పరీక్షకు పోయారు. అరలో ఒకేలాంటి వైండర్లు రెండున్నాయి. ఒకటి శ్రీనగర్ కాలనీ ముసలాయనది. ఆయన ఒకప్పుడు సినిమా షూటింగుల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్. ఆయనది బాగయింది. రెండోది డాక్టరు బాబుది. ఆగని జబ్బు. దాని బిళ్లను సారు ఇంకా ముట్టుకోలేదు, పైపైన స్పిరిటుతో తుడిచి పెట్టారంతే. ముందురోజు రెండింటినీ ఒకే స్పిరిటు గిన్నెలో పెట్టి, దారాలు విప్పకుండానే తుడిచారు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఒకాయన తీసుకుపోవడానికి, డాక్టరు బాబు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి. అరలో చెయ్యి పెట్టి చూస్తే ఎర్రదారమూ లేదు, నారింజదారమూ లేదు. స్పిరిటు రంగులు తాగేసింది. రెండూ ఒకటే లేత గులాబీ రంగు. చీటీల మీద పెన్సిల్ రాతలు మాత్రం చక్కగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని చూశాను. చూసి ఏం లాభం?

"అన్న చేసిపెట్టిండా అమ్మా?" అన్నాడు డాక్టరు బాబు.

అయిందో కాలేదో చెప్పాలంటే ఏది ఎవరిదో తెలియాలి. "అయినయి బాబూ," అన్నాను. చేతికొచ్చింది ఒకరికి, మిగిలింది ఇంకొకరికి ఇచ్చాను. సగానికి సగం సరిగ్గా పడి ఉంటుందని మనసులో మొక్కుకున్నాను. సారు వచ్చాక అడిగితే ఇద్దరూ తీసుకుపోయారని చెప్పాను. సారు ముఖం చిట్లించి, "డాక్టరు గారిది ఇంకా చెయ్యలేదే? ఆగలేకపోయారేమో, తెస్తారులెండి," అన్నారు. నేను నేల తుడుస్తూ ఉండిపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ముసలాయన వచ్చారు. కెమెరాను తువ్వాలులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో గుండెకు పట్టుకున్నారు.

"ఏవయ్యా పెద్దమనిషీ! నీ అల్లుడు నా కొంప ముంచాడయ్యా!"

ఆయనతో కలిసి పనిచేసిన లైట్‌బాయ్‌లు, సెట్టు వడ్రంగులు, మేకప్ మనుషులు, అందరూ ముసలివాళ్లై, ముందురోజు ఆయన ఇంటి మేడ మీద కలిశారట. ఒకాయనను ఆస్పత్రి నుంచి కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారట. "వాడు మళ్లీ రాడయ్యా. వాడికీ తెలుసు, మాకూ తెలుసు. పొట్టచెక్కలయ్యేలా నవ్వించాడు అందరినీ. చివరి ఫోటో నొక్కాను. లోపల టప్‌మంది. ఆ తర్వాత పిడి తిప్పితే ఊరికే తిరుగుతోంది. డబ్బీలోంచి ఊడొచ్చేసింది. మూత తెరవలేదు, ఇలాగే పట్టుకొచ్చాను."

సారు తువ్వాలు విప్పి వైండర్‌ను తిరగేశారు. దాని వీపు మీది గీత చూశారు. అది డాక్టరు బాబుదని ఆయనకు చూడగానే తెలిసింది. తల ఎత్తి నన్ను చూశారు. నేను గుమ్మానికి కట్టిన తడిగుడ్డను చూస్తున్నాను.

"ముప్పై ఆరు సార్లు నొక్కి మరీ ఇస్తావు కదా నువ్వు?" అన్నారు ముసలాయన. "ఏం పరీక్షించావయ్యా?"

"నేను..." అన్నాను.

సారు అరచెయ్యి లేచింది. అదే ట్రాఫిక్ పోలీసు చెయ్యి.

"పరీక్షించలేదండీ," అన్నారు ముసలాయనతో. "తొందరలో మరిచిపోయాను. తప్పు నాదే."

సారు నోటి నుంచి ఆ మాట వినడం నాకు దెబ్బ తగిలినట్టయింది. ముసలాయన కుర్చీలో కూలబడ్డారు.

సారు నల్లసంచి తీశారు. రెండు పొరల మందపు గుడ్డ, చేతులు దూర్చడానికి రెండు చొక్కాచేతులు, వాటికి బిగుతు రబ్బరు. కెమెరా, మూతున్న చిన్న నల్లడబ్బా అందులో పెట్టి జిప్పు వేసి, చేతులు దూర్చారు. చీకట్లో చూపు లేకుండా చేయాల్సిన పని. కాసేపటికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చేతులు బయటికి తీసి, వేళ్లకొసలు ఒకదానితో ఒకటి రుద్దుకున్నారు.

"షుగర్ వల్ల వేళ్లకు తెలియట్లేదండీ. ఫిల్మ్ ఏదో, రేకు ఏదో తెలియట్లేదు," అని నా వైపు తిరిగారు. "మీరు పెట్టండి చేతులు."

"ఈవిడా?" అన్నారు ముసలాయన.

"ఈవిడే. బీడీలు చుట్టిన చేతులండీ అవి."

దూర్చాను. లోపల వేడిగా ఉంది. సారు నా పక్కన నిలబడి మెల్లగా చెప్తున్నారు. "పక్కన కొక్కెం ఉంటుంది, పైకి లాగండి. మూత తెరుచుకుందా? కుడివైపు చుట్ట ఉందా? అంచులే పట్టుకోవాలి. మధ్యలో వేలు పెడితే మనుషుల ముఖాల మీద పెట్టినట్టే." ఒకచోట ఫిల్మ్ చక్రం పళ్లకు పట్టుకుని రాలేదు. చిరిగిన ముక్క ఇరుక్కుంది. గోరుతో దాన్ని తప్పిస్తున్నాను. సరిగ్గా అప్పుడు పైన క్లాసు వదిలారు.

వందమంది దిగుతున్నారు. బల్ల అదురుతోంది. సారు చేతులు రెండూ గాలిలోకి లేపారు. ఆయన చేతుల్లో ఏమీ లేదు, అయినా లేపారు. ఆయనను చూసి ముసలాయనా లేపారు. నేను సంచిలో వేళ్లు కదపకుండా, ఊపిరి బిగబట్టి ఉన్నాను. చివరి చెప్పుల చప్పుడు కూడా పోయాక సారు చేతులు దించారు. "ఇప్పుడు రానివ్వండి."

ముక్క వచ్చేసింది. ఆ తర్వాత నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మరీ వదులుగా చుడితే డబ్బాలో పట్టదు, మరీ బిగిస్తే గీతలు పడతాయి. ఆకును ఎంత బిగువున చుట్టాలో నా వేళ్లకు ఏడేళ్ల వయసు నుంచి తెలుసు. చుట్టి, నల్లడబ్బాలో పెట్టి, మూత నొక్కాను. టక్ అంది. ఆ చిన్న చప్పుడుకు ముసలాయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

డబ్బా తీసుకుని ఆయన కడిగించడానికి పోయాక షాపులో మేమిద్దరమే మిగిలాం. సారు నల్లసంచి మడిచి, కుర్చీలో కూర్చుని అడిగారు.

"ఆ రోజు కూడా కళ్లద్దాలు తెచ్చుకోలేదా?"

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. అందుకే అబద్ధం చెప్పలేకపోయాను.

"నాకు కళ్లద్దాలే లేవు సార్. సదువు రాదు నాకు. దారం రంగు చూసి ఇచ్చేదాన్ని. గా స్పిరిటుల రంగు పోయింది."

"దారం రంగు చూసి," అన్నారు ఆయన. "ఇన్నాళ్లూ?"

"అవు సార్."

సారు డ్రాయరు లాగి పుస్తకం తీశారు. స్కేలు పెట్టి గీతలు గీసి రాయడం మొదలుపెట్టారు. ఒక వైండర్ గురించి ఆయన అంతసేపు రాయడం నేనెప్పుడూ చూడలేదు. ఆగుతారు, కిటికీ వైపు చూస్తారు, మళ్లీ రాస్తారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఆ పెన్నునే చూస్తున్నాను. నా తప్పంతా అందులోకి ఎక్కుతోందని, అది ఎప్పటికీ చెరగదని అనిపించింది. రాసి, బల్ల మీద పడి ఉన్న గులాబీ దారం ముక్కను ఆ పేజీలో పెట్టి మూసేశారు.

"రేపు రండి," అన్నారు.

ఎందుకు రమ్మన్నారో నాకు అర్థమైందనుకున్నాను. పని మాన్పించడమైనా మర్యాదగా, పగటిపూట, కూర్చోబెట్టి చెప్పే మనిషి ఆయన. ఎస్.ఆర్. నగర్ దాకా నడుచుకుంటూ పోయాను. చెల్లెలికి కూడా చెప్పలేదు.

మర్నాడు పోయేసరికి నా కుర్చీలో ఒక పలక ఉంది. చెక్క అంచుల రాతిపలక. పక్కన బలపాలు.

"ఏంది సార్ ఇది?"

"పలకండీ."

"తెలుసు సార్. ఎవరికి?"

"షాపుకి," అన్నారు, భూతద్దం కంటికి పెట్టుకుంటూ.

నాకు ఆయన అ ఆ ఇ ఈ వరసలో చెప్పలేదు. "మన షాపులో ఏది పనికొస్తే అది ముందు," అన్నారు. నేను నేర్చుకున్న మొదటి మాట 'ఆగదు'. మూడు అక్షరాలు. రెండు రోజులు రాశాను. రెండో మాట 'తిరగదు'. అందులో చివరి రెండు అక్షరాలూ నాకు ముందే తెలిసినవని కనిపెట్టినప్పుడు గట్టిగా అరిచాను. సారు చేతిలో స్క్రూ ఎగిరిపడింది. ఇద్దరం నేల మీద కూర్చుని దాన్ని వెతికాం. ఆ తర్వాత 'బ్యాటరీ కారింది'. ఆ తర్వాత 'తనంతట తనే తిరుగును'. మనుషుల పేర్లు అన్నిటికన్నా కష్టం. డాక్టరు బాబు పేరులోని ఒత్తు నన్ను వారం రోజులు ఏడిపించింది.

ఆ బాబుకు వైండర్ మారిన సంగతి సారు ఫోన్ చేసి చెప్పేదాకా తెలియనే తెలియదు. "అన్నా, మస్తు పనిచేస్తుంది, ఏం చేసినవ్?" అని పొగిడాడట. "పనిచేస్తుందండీ, అది మీది కాదు," అన్నారు సారు.

ముసలాయన రెండు నెలలకు ఒక ఫోటో తెచ్చి ఇచ్చారు. మేడ మీద కుర్చీలు, కుర్చీల్లో ముసలివాళ్లు, మధ్యలో ఆస్పత్రి నుంచి వచ్చినాయన నోరంతా తెరిచి నవ్వుతున్నారు. పక్క అంచున చిరిగిన బెజ్జాలు కూడా పడేలా ముద్రించారు. "ఇది ఆవిడకి," అన్నారు, నా పేరు అడిగి వెనక రాస్తూ. ఆ రాతను నేను అక్కడికక్కడే కూడబలుక్కుని చదివాను. సారు వినబడనట్టు స్పిరిటు గిన్నె కడుగుతున్నారు.

చదవడం వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఆ డ్రాయరు తెరవడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయన కూడా ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తలేదు. చీటీలు నేనే రాసేదాన్ని. పుస్తకం మాత్రం ఆయనే రాసేవారు.

ఆయన పోయాక షాపు ఖాళీ చేయడానికి ఆయన కూతురు పంజాగుట్ట నుంచి వచ్చింది. అరల్లో మిగిలినవన్నీ ఎవరెవరివో చీటీలు చదివి, ఫోన్లు చేసి, ఒక్కొక్కటీ ఎవరిది వారికి చేర్చాను. ఒక్కటీ మారలేదు. అంతా అయ్యాక ఆ అమ్మాయి, "నాన్నగారివి ఏమైనా తీసుకుంటారా అమ్మా?" అని అడిగింది. పుస్తకం ఇవ్వమన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే, పేజీల మధ్య నుంచి గులాబీ దారం కొస వేలాడుతోంది.

నిన్న సాయంత్రం, ఆ అమ్మాయి ఫిల్మ్ వదిలిందని నవ్విన ముఖం ఇంకా కళ్ల ముందుండగానే, ఆ కొస పట్టుకుని పేజీ తెరిచాను. సారు రాత నిటారుగా, ఆయనలాగే ఉంటుంది. వేలు పెట్టి చదివాను.

జబ్బు: ఫిల్మ్ ఊడింది. వైండర్లు తారుమారు.

కారణం: ఆమె చీటీ చదవగలరా అని నేను ఒక్కనాడూ అడగలేదు. స్పిరిటులో వేసే ముందు దారం విప్పలేదు. రెండూ నా తప్పులే. రంగులతో ఇంతకాలం ఒక్క పొరపాటు లేకుండా నడిపిన మనిషికి అక్షరాలు ఎంతసేపు?

మందు: పలక ఒకటి.

నాలుగోది, పరీక్ష గడి, ఖాళీగా ఉంది.

పుస్తకమంతా వెతికాను. పేజీ పేజీకీ నాలుగో గడిలో ఆయన రాత ఉంది. ఈ ఒక్కటీ ఆయన వదిలేశారు. టీ మరిచిపోయేవారు గానీ, ఆ గడిని మరిచిపోయే మనిషి కాదు.

పెన్సిల్ తెచ్చుకుని, గడి దాటకుండా చిన్నగా రాశాను.

చదివాను సార్.